తిరుపతికి కర్నూలు మీదుగానా, అద్దంకి మీదుగానా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. శుక్రవారం సాయంత్రం ఏడింటికి గచ్చిబౌలిలో ఆఫీసు నుంచి ఇంటికొచ్చి వెంటనే బయలుదేరాలి. ఎర్టిగాలో మీరు, మీ ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మగారు, నాన్నగారు. శనివారం మధ్యాహ్నం మూడింటికి మూడు వందల రూపాయల దర్శనం టికెట్. ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి, సోమవారం తొమ్మిదింటికి మళ్లీ ఆఫీసు. బండి నడిపేది మీరొక్కరే. పోయినసారి ఇలాగే రాత్రంతా నడిపి వెళ్లొస్తే మూడు రోజులు ఒళ్లు తేరుకోలేదని, అమ్మగారి మోకాళ్లు వాచిపోయాయని రాశారు. మ్యాప్‌లో చూస్తే కర్నూలు–కడప దారికీ, నల్గొండ–అద్దంకి–నెల్లూరు దారికీ తేడా అరగంట లోపే కనిపిస్తోంది, ఏది మంచిదో చెప్పమన్నారు.

నేను ఇరవై నాలుగేళ్లుగా హైదరాబాద్ నుంచి టూరిస్టు బండ్లు నడుపుతున్నాను. మొదట క్వాలిస్, తర్వాత టవేరా, ఇప్పుడు ఇన్నోవా. తిరుపతి ట్రిప్పు లేని నెల నాకు దాదాపు లేదు. రెండు దారుల్లోనూ పగలూ రాత్రీ నడిపాను. అందుకే తేల్చి చెబుతున్నాను: అరగంట తేడా గురించి ఆలోచించకండి. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య మీ చక్రాల కింద ఏ రోడ్డు ఉంటుందో అది ఆలోచించండి. దారి ఎంపికంతా దాని మీదే ఉంది.

ముందు రెండు దారులూ ఎలా ఉంటాయో చెబుతాను.

కర్నూలు దారంటే ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద శంషాబాద్ దగ్గర దిగి 44వ నంబరు జాతీయ రహదారి పట్టడం. షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, బీచుపల్లి దగ్గర కృష్ణ, ఆ తర్వాత అలంపూర్ చౌరస్తా, తుంగభద్ర దాటితే కర్నూలు. ఊరి నుంచి 210 కిలోమీటర్ల చిల్లర. రాయికల్, శాఖాపూర్, పుల్లూరు, ఈ మూడు చోట్లా టోల్. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడప దాకా మరో 200. ఇంతవరకూ నాలుగు వరుసల రోడ్డే, మధ్యలో డివైడర్ ఉంటుంది, ఇబ్బంది లేదు. అసలు కథ కడప దాటాక మొదలవుతుంది. ఒంటిమిట్ట, నందలూరు, రాజంపేట, పుల్లంపేట, రైల్వే కోడూరు, ఆ తర్వాత బాలపల్లి అడవి, మామండూరు, కరకంబాడి. ఈ 140 కిలోమీటర్లలో చాలా భాగం నేను నడిపినన్నాళ్లూ రెండు వరుసల రోడ్డే. ఎదురుగా వచ్చే లారీకీ మీకూ మధ్య ఉండేది తెల్ల గీత ఒక్కటే. ఇక్కడికి నాలుగు వరుసల రోడ్డు మంజూరైంది. అది ఈ చివర నుంచి ఆ చివర దాకా తెరుచుకునే వరకూ నా మాట ఇదే.

అద్దంకి దారంటే ఓఆర్‌ఆర్ మీద పెద్ద అంబర్‌పేట దాకా వెళ్లి విజయవాడ హైవే ఎక్కి, చౌటుప్పల్ దాటి నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరగడం. నల్గొండ, మిర్యాలగూడ, వాడపల్లి. అక్కడ మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది, వంతెన దాటితే ఆంధ్ర. దాచేపల్లి, పిడుగురాళ్ల, సంతమాగులూరు, అద్దంకి, మేదరమెట్ల. నార్కట్‌పల్లి నుంచి ఇక్కడికి 212 కిలోమీటర్లు. మేదరమెట్ల దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి కలుస్తుంది. ఒంగోలు, కావలి, నెల్లూరు, గూడూరు, నాయుడుపేట. అక్కడ నుంచి లోపలికి తిరిగితే శ్రీకాళహస్తి, రేణిగుంట, తిరుపతి. ఈ దారిలో ఎక్కడా ఎదురు బండి మీ వరుసలోకి రావాల్సిన అవసరం లేదు. గచ్చిబౌలి వాళ్లకు మాత్రం ఇది చుట్టు. ఓఆర్‌ఆర్ మీదే అర్ధచంద్రాకారంలో అటు చివర దాకా పోవాలి. పైగా శుక్రవారం సాయంత్రం విజయవాడ హైవే ఎలా ఉంటుందో చౌటుప్పల్ దగ్గర ఒకసారి ఇరుక్కున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. మీరు ఏడింటికి బయలుదేరి కర్నూలు దారిలో పడుకోవడానికి ఆగకుండా పోతే కర్నూలు పదకొండున్నర, కడప తెల్లవారుజాము మూడు. అంటే ఆ రెండు వరుసల రోడ్డు, ఆ అడవి, ఎదురు లారీల లైట్లు, ఇవన్నీ సరిగ్గా మూడు నుంచి ఆరు మధ్య మీ మీద పడతాయి. మీ ఒంట్లో ఓపిక అట్టడుగుకు చేరే సమయం అదే. మనిషి శరీరం అర్ధరాత్రి రెండు దాటాక ఐదారు గంటల దాకా నిద్ర కోసం లాగుతుంది. కాఫీ తాగినా, పాటలు పెట్టినా, అద్దాలు దించినా అది ఆగదు, కాసేపు మోసపోతుందంతే. పోయినసారి మీకు మూడు రోజులు ఒళ్లు తేరుకోలేదంటే కారణం దూరం ఒక్కటే కాదు, కష్టమైన రోడ్డు కష్టమైన గంటలో రావడం.

నాకు జరిగింది చెబుతాను. 2009లో, టవేరా నడిపే రోజుల్లో, ఎల్బీనగర్ నుంచి ఒక కుటుంబాన్ని తీసుకెళ్తున్నాను. ముందురోజు కూడా వేరే ట్రిప్పులో ఉన్నాను. మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని సరిపోతుందనుకున్నాను. కడపలో టీ తాగాం. ఒంటిమిట్ట గుడి గోపురం మీద లైటు చూసి దణ్ణం పెట్టుకోవడం గుర్తుంది. ఆ తర్వాత నాకు గుర్తున్నది రాజంపేట పొలిమేరలో ఒక పెట్రోల్ బంకు. మధ్యలో నందలూరు ఉంది, చెయ్యేటి మీద వంతెన ఉంది. ఆ వంతెన నేనే దాటాను, స్టీరింగ్ నా చేతుల్లోనే ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి. దాటినట్టు మాత్రం ఇప్పటికీ గుర్తులేదు. బంకు దగ్గర బండి ఆపి చూసుకుంటే చేతులు వణుకుతున్నాయి. వెనక సీట్లో పెద్దావిడ ఒకరు మేలుకునే ఉన్నారు. "నాయనా, ఇందాక రెండుసార్లు బండి పక్కకు పోయింది, పిలవాలంటే భయమేసింది" అన్నారు. ఆవిడ ఆ మాట అన్న గొంతు నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఆ రోజు అక్కడే బంకులో గంటన్నర పడుకున్నాను. దర్శనం ఆలస్యమైంది, వాళ్లు ఒక్కమాట అనలేదు. ఆ తర్వాత ఒక్కడినే రాత్రంతా నడిపే ట్రిప్పు ఒప్పుకోవడం మానేశాను. దానివల్ల కొన్ని బేరాలు పోయాయి, పోనివ్వండి అనుకున్నాను.

కళ్లు తెరిచి ఉండగానే నిద్రపోవడం అంటే అదే. మూడు నాలుగు సెకన్లు చాలు. గంటకు 100 కిలోమీటర్ల మీద బండి సెకనుకు 28 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లంటే 110 మీటర్లు, ఎవరూ నడపకుండా.

ఇంకో లెక్క చెబుతాను. పదిహేడు గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానమని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. మన దేశంలో డ్రైవరుకు చట్టం పెట్టిన హద్దు 0.03 శాతం. శుక్రవారం పొద్దున ఆరింటికి లేచి పిల్లల్ని బడికి పంపి ఆఫీసుకు పోయిన మీకు, రాత్రి పదకొండుకే ఆ పదిహేడు గంటలు నిండుతాయి. అప్పటికి మీరు కర్నూలు దగ్గర ఉంటారు. అక్కడి నుంచి ఇంకో 340 కిలోమీటర్లు మిగిలి ఉంటుంది. మీరు మందు ముట్టుకోకపోవచ్చు. రోడ్డుకు మాత్రం తేడా తెలియదు.

మాలాంటి డ్రైవర్ల కోసం 1961లోనే ఒక చట్టం వచ్చింది, మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం. రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదు, ఐదు గంటలు నడిపాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి అని అందులో పెట్టారు. అదే పని రోజూ చేసేవాళ్లకు పెట్టిన హద్దు అది. మీరు పొద్దునంతా కంప్యూటర్ ముందు కూర్చుని, సాయంత్రం నుంచి పదకొండు గంటలు నడపాలనుకుంటున్నారు. దూరప్రాంతపు రాత్రి బస్సుల్లో ఇద్దరు డ్రైవర్లు ఎందుకు ఉంటారో ఒకసారి ఆలోచించండి.

అందుకని మీకు నా సలహా: కర్నూలు దారే పట్టండి, కానీ కర్నూలులో పడుకోండి.

ఏడింటికి బయలుదేరండి. వీలైతే ఆ ఒక్కరోజు ఆఫీసులో అడిగి ఐదింటికే బయటపడండి, ఓఆర్‌ఆర్ దాకా పోయే అరగంట ప్రయాణం సగం అవుతుంది. భోజనం జడ్చర్ల దగ్గర. రాత్రి బిర్యానీ వద్దు. ఇది చాదస్తం అనుకోకండి, కడుపు నిండా బిర్యానీ తిన్న గంటకు కనురెప్పలు వాటంతట అవే వాలతాయి. ఇంటి నుంచి పెరుగన్నం, చపాతీ కట్టించుకుంటే ఇంకా మంచిది. పదకొండున్నరకు కర్నూలు చేరతారు. హైవే పక్కనే, బండి లోపల పెట్టుకునే చోటు ఉన్న లాడ్జిలో ముందే ఫోన్ చేసి రెండు గదులు చెప్పి పెట్టండి. ఊళ్లోకి దిగితే మళ్లీ బయటపడటానికి టైం పోతుంది. ఆ రెండు గదుల ఖర్చు చూసి వెనక్కి తగ్గకండి. పడుకునేది ఐదు గంటలే కదా అని చాలామంది అంటారు. ఆ ఐదు గంటలే మిమ్మల్ని మర్నాడు మనిషిగా నిలబెడతాయి.

పొద్దున ఐదింటికి బయలుదేరితే గంటసేపే చీకటి, అదీ నాలుగు వరుసల రోడ్డు మీద. పాణ్యం దాటేసరికి తెల్లవారుతుంది. పిల్లలు లేస్తారు, నల్లమల కొండలు ఎడమవైపు కనిపిస్తుంటాయి. ఎనిమిదిన్నరకు కడప. అక్కడ కారం దోసె తినండి, పిల్లలకు మాత్రం కారం లేకుండా వేయమని ముందే చెప్పండి. అరగంట ఆగి తొమ్మిదిన్నర లోపు బయలుదేరితే పన్నెండు, పన్నెండున్నరకు తిరుపతి. అంటే ఆ రెండు వరుసల రోడ్డు మీకు పట్టపగలు, నిద్రపోయి లేచిన కళ్లతో వస్తుంది. అదే రోడ్డు అప్పుడు ఎంత బాగుంటుందో చూడండి. కోడూరు చుట్టుపక్కల బొప్పాయి, అరటి, మామిడి తోటలు, రోడ్డు పక్కనే పండ్లు అమ్ముతుంటారు. ఒంటిమిట్ట రామాలయం రోడ్డుకు ఆనుకునే ఉంటుంది. టైం చూసుకుని, వచ్చేటప్పుడైనా అమ్మగారిని దర్శనం చేయించండి.

ఆ రోడ్డు మీద పగలైనా ఒక్క జాగ్రత్త. లారీ వెనక ఇరుక్కుంటే తోసుకుపోవాలని ఆరాటపడకండి. లారీకి మరీ దగ్గరగా పోతే ముందు ఏముందో కనపడదు. మూడు నాలుగు బండ్ల దూరం వెనక ఉండి, రోడ్డు తిన్నగా, బాగా దూరం కనిపించినప్పుడే దాటండి. ముందు లారీ డ్రైవరు కుడి ఇండికేటర్ వేస్తే కొందరు "దాటిపో" అని అర్థం చేసుకుంటారు, కొందరు నిజంగానే కుడికి తిరుగుతారు. ఆ ఇండికేటర్‌ని నమ్మి దాటొద్దు, మీ కళ్లను నమ్మండి. 140 కిలోమీటర్లలో ఎంత దూకుడుగా నడిపినా మీకు మిగిలేది పదిహేను నిమిషాలు.

కడపలో ఎవరైనా రాయచోటి, పీలేరు మీదుగా పొమ్మని చెప్తే, కుటుంబంతో ఆ దారి వద్దు. గువ్వలచెరువు ఘాట్ ఉంది, పీలేరు దాటాక భాకరాపేట ఘాట్ ఉంది. గువ్వలచెరువు పాలకోవా చాలా బాగుంటుంది, దాని కోసం ఎప్పుడైనా పగలు ప్రత్యేకంగా వెళ్లొచ్చు. ఈ ట్రిప్పులో మాత్రం, మలుపుల్లో పిల్లలకు వాంతులు అవుతాయి, అమ్మగారికి నడుము పట్టేస్తుంది.

ఇక, కర్నూలులో ఆగడానికి ఇంట్లో ఒప్పుకోలేదు, రాత్రికి రాత్రే పోవాలి అంటే? అప్పుడు అద్దంకి దారి పట్టండి. నేను ఈ మాట ఇష్టంగా చెప్పడం లేదు, కానీ పోయేటట్లయితే ఇదే నయం. నార్కట్‌పల్లి దగ్గర భోజనం చేసి పదింటికి బయలుదేరితే పన్నెండు దాటేసరికి వాడపల్లి, రెండున్నరకు ఒంగోలు. దాచేపల్లి, పిడుగురాళ్ల దగ్గర సిమెంటు లారీలు, సున్నం లారీలు రాత్రంతా తిరుగుతుంటాయి. అక్కడ రోడ్డు పక్కన లైట్లు లేకుండా నిలబెట్టిన లారీల గురించి జాగ్రత్త. రాత్రి హైవే మీద నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఎదురొచ్చే బండికి కాదు, ఆగి ఉన్న బండికి. ఎడమ వరుసలో పోయేటప్పుడు వేగం ఎనభైకి మించనివ్వకండి. ఒంగోలు దాటాక టంగుటూరు, కావలి మధ్య లైట్లు బాగా ఉన్న పెద్ద బంకు చూసుకుని, బంకువాళ్లకు చెప్పి, బండి పక్కకు పెట్టి, తప్పనిసరిగా పడుకోండి. అలారం పెట్టుకుని గంటన్నర. మూడు నుంచి నాలుగున్నర దాకా మీరు రోడ్డు మీద ఉండకూడదు. లేచాక వెంటనే స్టీరింగ్ పట్టకండి. ముఖం కడుక్కుని పది నిమిషాలు నడిచి, అప్పుడు బయలుదేరండి. నెల్లూరులో తెల్లవారుతుంది, ఎనిమిదిన్నర, తొమ్మిదికి తిరుపతి.

అదే గంటలో కడప దారిలో అయితే ఆగాలన్నా మంచి చోటు వెతుక్కోవాలి. ఇక్కడ అడుగడుగునా బంకులు, ధాబాలు, మనుషులు. నిద్ర ఆపుకోలేనప్పుడు ఆగడానికి చోటు దగ్గరలో ఉండటం చాలా పెద్ద విషయం.

వానాకాలం గురించి కూడా చెప్పాలి. తిరుపతి, కడప, నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు రాజంపేట వైపు ఊళ్లను ముంచేసింది. ఆ వారంలోనే పెన్నకు వరద వచ్చి నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద జాతీయ రహదారి కోసుకుపోయింది. రెండు దారులూ ఒకేసారి పోయాయి. కాబట్టి ఆ నెలల్లో వాయుగుండం అని వార్తల్లో వస్తే దారి మార్చుకోవడం కాదు, తేదీ మార్చుకోవడమే. టికెట్ పోతే పోయింది, స్వామి ఎక్కడికీ పోడు.

తిరుగు ప్రయాణం విషయంలో చాలామంది పొరపాటు చేస్తారు. పోయేటప్పుడు పడ్డ జాగ్రత్త వచ్చేటప్పుడు ఉండదు. దర్శనం అయిపోయింది, ఇంటికి పోతున్నాం అన్న ధీమా, దానికి తోడు క్యూలైన్లలో నిలబడ్డ అలసట. మీరు శనివారం మూడింటికి లోపలికి వెళ్తే సాయంత్రానికి బయటికి వస్తారు. ప్రసాదం తీసుకుని, కాసేపు కూర్చుని, రాత్రికి కిందికి దిగి తిరుపతిలో పడుకోండి. ఆదివారం ఐదున్నరకు బయలుదేరండి. ఆ రెండు వరుసల రోడ్డు ఇటు నుంచి వస్తే మొదటే వస్తుంది, పొద్దున్నే వస్తుంది, మీ కళ్లు తాజాగా ఉన్నప్పుడు వస్తుంది, సూర్యుడు వీపు వైపు ఉంటాడు. అందుకే తిరుగు ప్రయాణానికి కడప దారి మంచిది. కడప తొమ్మిది లోపు, కర్నూలు పన్నెండున్నర. భోజనం చేసి అరగంట కళ్లు మూసుకోండి, ఎందుకంటే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య నిద్ర ఇంకోసారి లాగుతుంది. ఐదు, ఐదున్నరకు గచ్చిబౌలి. పిల్లలకు స్నానం చేయించి, సోమవారం బట్టలు తీసి పెట్టుకునే టైం ఉంటుంది.

తిరుచానూరు అమ్మవారిని చూసుకుని పదకొండింటికి బయలుదేరినా ఫరవాలేదు, ఆ 140 కిలోమీటర్లు పగటిపూటే దాటేస్తారు. అయితే ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండు. మధ్యాహ్నం రెండు దాటితే మాత్రం ఆ దారి వద్దు. ఎండ ఎదురుగా కళ్లలో కొడుతుంది, కడప దగ్గరికి వచ్చేసరికి సంధ్య వేళ, గేదెలు ఇంటికి మళ్లే వేళ. శ్రీకాళహస్తి కూడా చూడాలని ఉంటే ఎలాగూ అది నెల్లూరు దారిలోనే ఉంది, దాని మీదుగానే రండి. అప్పుడు ఆదివారం రాత్రి చౌటుప్పల్ నుంచి ఊరి దాకా సెలవుల రద్దీ తప్పదు. సోమవారం సెలవు పెట్టగలిగితేనే శ్రీకాళహస్తి కలపండి.

తిరుమల ఘాట్ గురించి కొంచెం. ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. దిగేది పాతది, 1944లో తెరిచింది. ఎక్కేది 1974 నాటిది. ఎక్కడానికి 28 నిమిషాల కంటే, దిగడానికి 40 నిమిషాల కంటే తక్కువ పడితే అతివేగం కింద లెక్క. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు, దిగడమే నేర్పు. రెండో గేరులో వేసి ఇంజినే బండిని పట్టుకునేలా దించండి. బ్రేకు మీద కాలు పెట్టి అలాగే ఉంచితే సగం దూరంలో కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతున్నాయని అర్థం. పక్కన ఆగే చోటు చూసి ఆపి, చల్లారనివ్వండి, నీళ్లు పోయకండి. ఎట్టి పరిస్థితుల్లోనూ న్యూట్రల్‌లో దించొద్దు. అలిపిరి దగ్గర బండంతా తనిఖీ చేస్తారు, సామాన్లన్నీ దించి చూపించాలి. సామాను సర్దేటప్పుడే ఇది గుర్తుపెట్టుకుని రెండు బ్యాగులకు మించకుండా చూసుకోండి. రాత్రి కొన్ని గంటలు ఘాట్ రోడ్డు మూసేస్తారు కాబట్టి శనివారం దిగడం మరీ ఆలస్యం చేయొద్దు.

అమ్మగారి విషయం. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఎర్టిగా చివరి వరుస నరకం. ఆవిడను మధ్య వరుసలో ఎడమ కిటికీ దగ్గర కూర్చోబెట్టండి, ముందు సీటు కాస్త ముందుకు జరిపితే కాళ్లు చాపుకోగలరు. ముందు సీట్లో మీ ఆవిడ ఉండాలి, ముఖ్యంగా చీకట్లో. ఆవిడ పని దారి చూపించడం కాదు, మిమ్మల్ని చూడటం. మీరు ఒకే మాట రెండుసార్లు అన్నా, మాటకు జవాబు ఆలస్యంగా వచ్చినా, తెల్ల గీత మీదికి చక్రం పోయినా వెంటనే ఆపమనాలి, మీరు ఎదురు చెప్పకుండా ఆపాలి. ఆ ఒప్పందం ఇంట్లోనే చేసుకుని బయలుదేరండి. ప్రతి రెండు గంటలకు బండి ఆపి అమ్మగారిని ఐదు నిమిషాలు నడిపించండి, అది మీకూ విశ్రాంతే.

వెనక కూర్చున్నవాళ్లంతా బెల్టు పెట్టుకోవాలి. ఈ మాట చెప్తే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, అయినా చెప్పండి.

టైర్లలో గాలి బయలుదేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, ఆరుగురికీ సామానుకూ తగ్గట్టు పట్టించండి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర అతికించిన కాగితం మీద రాసి ఉంటుంది. స్టెప్నీలో కూడా చూడండి. నేను చూసిన చాలా బండ్లలో పంక్చర్ అయ్యాక తీసేసరికి స్టెప్నీ కూడా గాలి లేకుండానే ఉంది. ముందు అద్దం లోపలి వైపు కూడా తుడవండి, రాత్రి ఎదురు లైట్లు చెదిరిపోయి కనిపించేది ఆ మురికి వల్లే. ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉందని ధీమాగా ఉండొద్దు. అది జాతీయ రహదారుల టోల్‌గేట్లలోనే పనిచేస్తుంది. ఓఆర్‌ఆర్ దగ్గర, రాష్ట్ర రోడ్ల మీద మామూలుగానే డబ్బు కట్ అవుతుంది. బ్యాలెన్స్ వేసి ఉంచండి.

చివరగా ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. అమ్మగారిని, నాన్నగారిని రైల్లో పంపే ఆలోచన చేశారా? నారాయణాద్రి మీ ఇంటికి దగ్గరలోనే, లింగంపల్లి నుంచే బయలుదేరుతుంది, సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి తిరుపతి. వాళ్లిద్దరికీ కింది బెర్తులు దొరికితే పడుకుని వెళ్తారు, మోకాళ్లకు శ్రమ ఉండదు. అంతమందికీ టికెట్లు దొరికితే మీరూ రైల్లోనే వెళ్లి అక్కడ బండి మాట్లాడుకోవచ్చు. బండ్లు నడుపుకుని బతికేవాడిని, అయినా ఈ మాట చెబుతున్నాను. అదేమీ లేదు, అందరం కలిసి కార్లోనే పోవాలని అమ్మగారు ఆశపడుతున్నారంటే, మొదట చేయాల్సింది కర్నూలులో గదులు చెప్పడం. శనివారాలు పెళ్లిళ్ల ముహూర్తాలుంటే శుక్రవారం రాత్రికే నిండిపోతాయి, ఈ రోజే ఫోన్ చేయండి. కింది అంతస్తులో గది ఇవ్వమని, లేకపోతే లిఫ్ట్ ఉందో లేదో కనుక్కోండి.